హాలు మీద ఆఖరి రికార్డు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. నర్సీపట్నంలో ఒక జూనియర్ కాలేజీలో చాలా ఏళ్ళుగా ఫిజిక్స్ పాఠం చెబుతున్నాను. చింతపల్లి ఘాటీలో బస్సుకి అడ్డంగా తెల్లచీర నిలబడిందని పిల్లలెవరైనా మొదలెడితే, "ఆ తెల్లచీర మీద పనిచేసే బలాలేమిటో బోర్డు మీద గీసి అప్పుడు భయపడు" అని సుద్దముక్క చేతిలో పెట్టే రకం నేను. మా ఆయన నన్ను భద్రకాళి అంటారు. అందులో అబద్ధం ఏమీ లేదు.

అలాంటిదాన్ని ఇది రాయడానికి కూర్చున్నాను. ఎవరినీ నమ్మమని అడగడం లేదు. నేనే మింగలేక కక్కలేక ఉన్నాను. కాగితం మీద పెడితే ఎక్కడైనా లెక్క తప్పు దొరుకుతుందేమోనని చూస్తున్నాను.

నన్ను పెంచింది మా పెద్దమ్మ అప్పలనరసమ్మ. మా అమ్మకి సొంత అక్క. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోతే, పిల్లల్లేని ఆవిడ నన్ను తీసుకొచ్చి ఒళ్ళో వేసుకుంది. పెదనాన్న పేరు సత్యం. ఊళ్ళో ఒక సినిమా హాల్లో ఆపరేటరు. ఆ హాలు పేరు రాయను. మా ఊరివాళ్ళకి చెప్పక్కర్లేదు, బయటివాళ్ళకి అవసరం లేదు.

అప్పట్లో హాలు పైన లౌడ్‌స్పీకర్లు ఉండేవి. ఆటకి ముందు రికార్డులు వేసేవారు. అవి పాటల సరదా కోసమే అనుకునేరు, ఊరికి అదే గడియారం. మొదటి రికార్డు వినపడితే ఆడవాళ్ళు అన్నం వార్చేవారు. మధ్య రికార్డులకి తల దువ్వుకునేవారు. ఆఖరి రికార్డు మొదలైందంటే ఇంటికి తాళం పడాల్సిందే. ఆ పాట అయిపోతే తెర లేచినట్టే. రోలుగుంట వైపు నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు కూడా ఆ పాట చెవిన పడగానే ఎడ్లని అదిలించేవారట. "ఆఖరి రికార్డేసీసినారు, బేగి నడండే!" అన్న కేక నా చిన్నతనంలో రోజూ విన్నదే.

ఆ ఆఖరి రికార్డు ఒక హిందీ సినిమాది. పెద్ద నల్ల పళ్ళెం లాంటి రికార్డు. అట్ట మీద ఒక చెరువు, అందులో తెల్ల పడవ, పడవలో ఒకమ్మాయి అటు తిరిగి కూర్చుని ఉంటుంది. హాలు ఓనరు గారు విశాఖపట్నం వెళ్ళినప్పుడు ఆ బొమ్మ చూసి ముచ్చటపడి కొనుక్కొచ్చారట. ఆ సినిమా గొప్ప సినిమా అనీ, ఆ పాటలు దేశమంతా పాడుకున్నారనీ నేను పెద్దయ్యాక తెలిసింది. మా ఊరికి మాత్రం ఆ సినిమా రానేలేదు. పాటలొక్కటే వచ్చాయి. హిందీ ముక్క రాని ఊరు, చూడని సినిమా పాటని రోజూ సాయంత్రం విని, ఏడవాల్సిన చోట ఏడ్చింది. సంగీతం అంటే ఏమిటో నాకు చేతకాదు గాని, ఇది తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఆ రికార్డు మీద ఒక గీత ఉండేది. అది మా పెద్దమ్మ చేసిన ఘనకార్యం. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో పెదనాన్నకి క్యారేజీ పట్టుకుని ఆపరేటరు గదికి వెళ్ళి, తిరుగుతున్న రికార్డు మీద చారుగిన్నె మూత జారవిడిచింది. ముల్లు బర్రున గీసుకుపోయింది. ఆ తర్వాత నుంచీ రెండో చరణంలో పాడే ఆవిడ గొంతు పైకి ఎక్కుతూ ఎక్కుతూ ఉండగా 'టక్' అని చప్పుడై, ఒక లైను మొత్తం ఎగిరిపోయి, నేరుగా వేణువు వచ్చేసేది. ఓనరు గారు ఇంకో రికార్డు తెప్పిస్తానంటే పెదనాన్న ఒప్పుకోలేదట. "ఉండనీయండి బాబూ, మా ఆడది సంతకం ఎట్టింది" అన్నాడట.

దాంతో ఊరు ఊరంతా ఆ పాటని అలాగే నేర్చుకుంది, ఒక లైను లేకుండా. మా కాలేజీ వార్షికోత్సవంలో ఒకసారి ఒక పిల్ల ఫోనులో విని నేర్చుకుని ఆ పాట పూర్తిగా పాడింది. పాట అయ్యాక ముందు వరసలో ఒక తాతగారు నా చెవిలో, "బాగానే పాడింది గానీ మేడమ్ గారూ, మద్దిన ఏదో సొంత కవిత్వం కలిపీసింది" అన్నారు. ఊరంతటికీ తప్పు అలవాటైతే ఒప్పు పాడినవాడే తప్పు. నేను నవ్వుకున్నాను గాని, నిజానికి నాకూ అక్కడ ఏదో అడ్డం పడినట్టే అనిపించింది.

ఇంకో సంగతి చెబితే గాని తర్వాతది అర్థం కాదు. సినిమా మారిన ప్రతి శుక్రవారం పెద్దమ్మ ఫస్టు షోకి వెళ్ళేది. నేను కొంగు పట్టుకుని వెనకాల. ఆపరేటరు గది కన్నంలోంచి చూస్తే ఆడవాళ్ళ బెంచీలు కనిపిస్తాయి. పెద్దమ్మ వచ్చి కూర్చునేదాకా పెదనాన్న ఆఖరి రికార్డు ఆపేవాడు కాదు. పాట అయిపోతే మళ్ళీ మొదటి నుంచి పెట్టేవాడు. పెద్దమ్మ తీరిగ్గా వచ్చి కూర్చుని, వెనక్కి తిరిగి, పైకి కన్నం వైపు ఒక చూపు చూసి, కొంగు సర్దుకునేది. అంతే, పాట ఎక్కడుంటే అక్కడ ఠపీమని ఆగిపోయేది. దీపాలు ఆరిపోయేవి. ఓనరు గారు తిట్టేవారు, జనం వేళాకోళం చేసేవారు. "అప్పలనరసమ్మ గారు కూకుంటేగాని తెర నెగదు" అనేవారు. పెద్దమ్మ సిగ్గుపడేది గాని, వెళ్ళడం మాత్రం ఎప్పుడూ పెందరాళే వెళ్ళేది కాదు.

రాత్రిళ్ళు నాకు ఆ సినిమా కథ చెప్పేది. తను చూడలేదు కదా, పాటల్ని బట్టి అల్లుకున్న కథ. ఈ పాట దగ్గర వాళ్ళకి పెళ్ళి కుదిరింది, ఈ పాట దగ్గర ఆ పిల్లకి జ్వరం వచ్చింది, ఆఖరి పాటకి ఆ అబ్బాయి ఈదుకుంటూ వచ్చి పడవ ఎక్కేశాడు, ఇద్దరూ సుఖంగా ఉన్నారు. నాకు ఆ కథంటే ప్రాణం. అందుకే, ఫోనులోనే సినిమాలన్నీ దొరికే రోజులొచ్చినా ఆ సినిమా మాత్రం నేను చూడలేదు. అది మొండితనం అనుకోండి, ఇంకేమైనా అనుకోండి.

"ఆ సినిమాని ఎలాగైనా మన హాలుకి తెప్పించి, ఒక్క ఆటైనా ఏసి సూపిస్తాను" అని పెదనాన్న పెద్దమ్మకి మాటిచ్చాడు. ఏళ్ళు గడిచాయి. హాలు నడవలేదు, మూసేశారు. ఓనరు గారు ఆ రికార్డుని పెదనాన్నకే ఇచ్చేశారు. కొన్నాళ్ళకి పెదనాన్న పోయాడు. పెద్దమ్మ ఆయన గురించి చేసే ఫిర్యాదు ఒక్కటే. "అన్నీ బాగానే సూసుకున్నాడు గానీ, ఆట సూపిస్తానని మాట తప్పీసినాడు."

రికార్డు మా ఇంట్లో రేకుల కింద అటక మీద ఉండిపోయింది. ఎండలకి అది వేయించిన అప్పడంలా వంకర తిరిగిపోయింది. ఏ మిషను మీదా అది ఇక తిరగదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

పెద్దమ్మకి ఎనభై దాటాక మతిమరుపు మొదలైంది. ముందు తాళంచెవులు, తర్వాత రోజులు, తర్వాత మనుషులు. ఏడాది పైగా నన్ను 'సిట్టీ' అని పిలవలేదు. ఇంట్లో నా పేరు అదే, చిట్టి. నన్నెవరో పనిమనిషి అనుకునేది. ఒకరోజు అన్నం తినిపిస్తుంటే "మీ ఇల్లు ఎక్కడమ్మా?" అని అడిగింది. ఆ పూట వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను, సిగ్గేముంది.

మతిమరుపు ఒక ఎత్తు, సాయంత్రాలు ఒక ఎత్తు. పగలంతా కుదురుగానే ఉండేది, పొద్దు వాలితే చాలు, చీర మార్చుకుని గేటు దగ్గరికి వచ్చేసేది. "ఆటకి టైమైపోనాది, తలుపు తియ్యి" అని గొడవ. తియ్యకపోతే గేటుకి తల కొట్టుకునేది. పట్టుకోబోతే ఒకసారి నా చేయి కొరికింది. రెండుసార్లు ఎలాగో బయటపడి, ఒకసారి కూరగాయల బండివాళ్ళకి, ఒకసారి లారీల మధ్య చింతపల్లి రోడ్డు మీద దొరికింది. మేము ఇప్పుడుంటున్నది కొత్త కాలనీ. పాత హాలుకి దారి ఆవిడకి తెలియదు, తెలిసినా ఆ సందులే ఇప్పుడు లేవు. బయటికొస్తే ఎప్పుడూ ఎదురు దిక్కుకే పోయేది.

మా ఆయనది తెనాలి. బ్యాంకు ఉద్యోగం. మెత్తని మనిషి. ఆయనే ఒకరోజు నెమ్మదిగా, విశాఖపట్నంలో ఇలాంటివాళ్ళని చూసుకునే చోటు ఉందట అన్నారు. నేను ఆయన మీద ఎగిరి పడ్డాను. నన్ను పెంచిన మనిషిని తీసుకెళ్ళి ఎక్కడో పడేస్తావా అని అనరాని మాటలన్నీ అన్నాను. ఆ తర్వాతే పెద్దమ్మ లారీల మధ్య దొరికిన సంగతి జరిగింది. ఆ రాత్రి నేనే, "పోనీ ఒకసారి వెళ్ళి చూసి రండి" అన్నాను. ఆ మాట అన్నాక మూడు పూటలు అన్నం సయించలేదు.

ఆయన చూసి, మాట్లాడి, ఖాయం చేసుకుని వచ్చే రోజునే ఇది జరిగింది.

సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి గ్యాసు బండ దించి వెళ్ళినట్టున్నారు, గేటు బార్లా తీసి ఉంది. పెద్దమ్మ లేదు. స్కూటరు తీసుకుని ముందు వెళ్ళింది పాత హాలు దగ్గరికే. నాకూ ఆ మాత్రం తెలుసు. హాలు పడగొట్టేశారు గాని, పంపకాల గొడవలో స్థలం ఖాళీగా ఉంది. ప్రహరీ లోపల పిచ్చిమొక్కలు, నాలుగు సిమెంటు దిమ్మలు, ఎదురుగా తెర ఉండే గోడ ఒక్కటి నిలబడి ఉంటాయి. లోపలికి వెళ్ళి పిలిచాను. ఎవరూ లేరు.

అక్కడి నుంచి ఆర్టీసీ కాంప్లెక్సు, మార్కెట్టు, చింతపల్లి రోడ్డు, మళ్ళీ కాంప్లెక్సు తిరిగాను. కనిపించిన ప్రతి ఆటో అతన్నీ అడిగాను. పొద్దు వాలిపోతోంది. తిరిగి తిరిగి హాలు వీధి మొదట్లో ఎరువుల కొట్టు ముందు స్కూటరు ఆపాను. ఆ కొట్టు నాయుడు గారిది. మా ఈడు మనిషి, చిన్నప్పటి నుంచీ తెలిసినవాడు. "కంగారు పడకండి, నలుగురికీ ఫోన్ సేత్తాను" అని ఆయన ఫోను తీశాడు. సరిగ్గా అప్పుడే నా ఫోను మోగింది. మా ఆయన. రైలు దిగి యలమంచిలిలో బస్సు కోసం నిలబడ్డానన్నారు. "పెద్దమ్మ లేదు" అని మాత్రం అనగలిగాను.

అప్పుడు పాట మొదలైంది.

ఎలా చెప్పాలో తెలియడం లేదు. పక్కింట్లో టీవీలోంచి వచ్చినట్టు కాదు, ఎవరి ఫోనులోంచో వచ్చినట్టూ కాదు. ఎత్తు మీద నుంచి, గాలికి కాస్త తగ్గి మళ్ళీ పెరుగుతూ, ఊరంతటికీ వినిపించాలన్నట్టు వచ్చింది. ముందు ఆ బరబర, తర్వాత ఆ గొంతు. ఆఖరి రికార్డు.

నాయుడు గారు చెవి దగ్గర ఫోను అలాగే పట్టుకుని, రెండో చేత్తో గల్లాపెట్టెకి తాళం వేసేశాడు. లేచి షట్టరు కొక్కెం అందుకున్నాడు. సగం లాగాక తనేం చేస్తున్నాడో తనకే తెలిసి, నా మొహం చూశాడు. "ఇదేటండీ మేడమ్ గారూ, ఎవులేసినారు?" అన్నాడు. ఆయన మొహం పాలిపోయింది. నాది ఎలా ఉందో నాకు తెలియదు.

ఫోను చెవి దగ్గరే పెట్టుకుని పాట వచ్చే వైపు నడిచాను. భయం వేయలేదు. ఇది నిజం. భయం వేయాల్సిన చోట గుడిలో గంట కొట్టినప్పుడు కలిగేది లాంటిది ఏదో కలిగింది. ఒళ్ళంతా పులకరించింది. రెండో చరణం వచ్చింది, గొంతు పైకెక్కుతోంది, టక్, వేణువు. నా కాళ్ళు ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలాయి. పాట అయిపోయింది. ఒక్క ఊపిరి వ్యవధి. మళ్ళీ మొదటి నుంచి మొదలైంది.

ప్రహరీకి పడిన గండిలోంచి లోపలికి వెళ్ళేసరికి పెద్దమ్మ నా ముందు నడుస్తోంది. ఇస్త్రీ చీర కట్టుకుంది. ఏ అవతల వీధిలోంచి వచ్చిందో తెలియదు, చెప్పుల్లేవు. అయినా తడబడడం లేదు. మొక్కల మధ్య నుంచి, ఇక్కడ బెంచీ ఉంది, ఇక్కడ మెట్టు ఉంది అని తెలిసినట్టు, లేని వాటిని తప్పుకుంటూ నడుస్తోంది. తీరిగ్గా నడుస్తోంది. నేను పిలవలేకపోయాను.

ఒక దిమ్మ దగ్గర ఆగి, కొంగుతో దులిపి, కూర్చుంది. వెనక్కి తిరిగి పైకి చూసింది. అక్కడ ఆపరేటరు గది లేదు, గోడ లేదు, ఏమీ లేదు, ఎర్రబడిన ఆకాశం ఉంది. అటు చూసి కొంగు సర్దుకుంది.

పాట ఠపీమని ఆగిపోయింది. చరణం మధ్యలో.

పెద్దమ్మే నన్ను చూసింది. "నిలబడ్డావేటే సిట్టీ? ఎనకోల్లకి అడ్డం కాదేటి? కూకో" అంది.

సిట్టీ అంది.

వెళ్ళి పక్కన కూర్చుని ఆవిడ చేయి పట్టుకున్నాను. ఏడుస్తున్నాను. ఆవిడ పట్టించుకోలేదు, ఎదురుగా గోడ వైపు చూస్తోంది. వెల్ల ఊడిపోయిన ఉత్త గోడ అది. నాకు గోడే కనిపించింది, అంతకు మించి ఒక్క ముక్క చెప్పినా అబద్ధం అవుతుంది. ఆవిడ మాత్రం చూస్తోంది. ఒకచోట నవ్వింది. ఒకచోట అరెరే అని పెదవి చప్పరించింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుంది. పూర్తిగా చీకటి పడేముందు నిట్టూర్చి, "పద" అని తనే లేచింది. ఇంటికి రానని గొడవ చేయలేదు.

నాయుడు గారి కారులో ఇంటికి వస్తుంటే దారిలో అంది, "మీ పెదనాన్నకి సెప్పాల. ఆ ముసిలాడికి ఏటి పోయేకాలం? ఆడు పడవెక్కి ఎల్లిపోనాడు గానీ ఆ మూడుకాళ్ళ కుక్క ఆడికోసం ఒడ్డునే కూకుండిపోనాది. దాన్ని ఎవులూ సూడరేటి?" అంది. పెద్దమ్మ కథలో ముసలివాడూ లేడు, కుక్కా లేదు. చిన్నప్పుడు వందసార్లు విన్న కథ నాకు కంఠతా వచ్చు. మతి లేని మాట అనుకుని ఊరుకున్నాను.

ఆ రాత్రి మా ఆయన వచ్చాక పెద్దమ్మ నిద్రపోతుంటే బయట కూర్చున్నాం. ఆయన ముందుగా అడిగిన మాట ఇది. "నేను ఫోన్లో ఉన్నప్పుడు ఆ పాటలేంది? అంత గోలలో నీ మాట సరిగ్గా వినపళ్ళా. పైగా పాత రికార్డల్లే ఉందే, మధ్యలో టక్‌మని ఎగిరిపడింది."

లోపలికి వెళ్ళి కుర్చీ వేసుకుని అటక మీద నుంచి రికార్డు దించాను. అట్ట మీద దుమ్ము మందంగా ఉంది. రికార్డు వంకర వంకరగానే ఉంది.

ఇక్కడి నుంచి నేను చేసినవన్నీ చెబుతాను, ఎందుకంటే ఊరికే నమ్మే మనిషిని కాను. ఆ సాయంత్రం ఆ చుట్టుపక్కల ఫంక్షను హాళ్ళలో ఏమీ లేవు, కనుక్కున్నాను. గుడి మైకు చెడిపోయి చాలా రోజులైందని పూజారి గారు చెప్పారు. ఫోన్లలో దొరికే పాటలో గీత ఉండదు. ఎవరైనా హాలు పాటని అప్పట్లో క్యాసెట్టులో ఎక్కించుకున్నారేమోనని పాతవాళ్ళందరినీ అడిగాను. ఎవరూ లేరు. నేనూ నాయుడు గారూ అదే పాట వింటూ పెరిగినవాళ్ళం, కంగారులో మా బుర్రలే వాయించుకున్నాయి అనుకుందామన్నా మా ఆయన ఉన్నారు. ఆయనకి హాలు తెలియదు. పెద్దమ్మ కూనిరాగం తీస్తుంటే విని ఉండొచ్చు, ఒక లైను తక్కువని పట్టేసి ఉండొచ్చు. కాని పెద్దమ్మ కూనిరాగంలో 'టక్' ఉండదు. అది మనిషి గొంతులోంచి వచ్చేది కాదు, ముల్లు కింద నుంచి వచ్చేది.

శబ్దానికి ఒక జనకం ఉండాలి, కంపించే వస్తువు ఒకటి ఉండాలి, అది లేకుండా శబ్దం లేదు. ఏటా జూలైలో పిల్లలకి నేను చెప్పే మొదటి వాక్యం అదే. ఈ ఏడాది ఆ వాక్యం చెబుతూ బోర్డు వైపు తిరిగి కాసేపు అలాగే నిలబడ్డాను.

మర్నాడు సాయంత్రం పొద్దు వాలే వేళకి నేను గేటు దగ్గర కుర్చీ వేసుకుని సిద్ధంగా కూర్చున్నాను. పెద్దమ్మ రాలేదు. లోపలికి వెళ్ళి చూస్తే మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఉండబట్టలేక నేనే అడిగాను, ఆటకి వెళ్ళవా అని.

"సూసీసినాను కదేటి" అంది.

ఆ తర్వాత ఆవిడ ఒక్కరోజు కూడా గేటు దగ్గరికి రాలేదు. మా ఆయన ఇంకేమీ అడగకుండా విశాఖపట్నానికి ఫోను చేసి, మేము రావడం లేదని చెప్పేశారు. మతిమరుపు తగ్గలేదు, అబద్ధం చెప్పను. అన్నం తిన్న సంగతి మరిచిపోయేది, నెల మరిచిపోయేది. నా పేరు మాత్రం మళ్ళీ మరిచిపోలేదు. ఆఖరికి వానలు పడే ముందు ఒక మధ్యాహ్నం, నా మంచం మీద, నా పక్కనే, నిద్రలో పోయింది. ఎక్కడో ఎవరి చేతుల్లోనో పోలేదు. నాకు అది చాలు.

కార్యక్రమాలన్నీ అయ్యాక ఒక ఆదివారం పగలు మా ఆయన ఫోను తెచ్చి నా ముందు పెట్టారు. "ఇంక చూద్దాం" అన్నారు. ఆ సినిమా మొదటిసారి చూశాను.

పెద్దమ్మ అల్లిన కథకీ దానికీ పోలికే లేదు. పెళ్ళీ లేదు, జ్వరమూ లేదు. మా ఆఖరి రికార్డు పాట సినిమాలోనూ ఆఖరునే వస్తుంది. తెల్ల పడవ, ఆ అమ్మాయి. పడవ నడిపే ముసలివాడు. ఇల్లూ వాకిలీ వదిలేసి ఆమెతో పాటు వెళ్ళిపోతున్నాడు. మొదటి చరణం అయింది. రెండో చరణంలో గొంతు పైకి ఎక్కుతోంది. నా చెవి 'టక్' కోసం ఎదురుచూసింది. రాలేదు. మా ఊళ్ళో ఎప్పుడూ వినపడని ఆ లైను, ఆ చారుగిన్నె మూత తుడిచేసిన లైను, నిదానంగా సాగింది.

ఆ లైను సాగినంతసేపూ తెర మీద ఒక్కటే బొమ్మ. ఒడ్డు మీద ఒక కుక్క. పడవ వైపు చూస్తూ కూర్చుని ఉంది. కాసేపటికి లేచి రెండడుగులు వేసింది. దానికి మూడే కాళ్ళు.

మా ఆయన ఫోను ఆపేశారు. ఎప్పుడైనా టీవీలో చూసిందేమో అన్నారు. అయ్యుండొచ్చు. చూసి ఉంటే, చూపిస్తానని మాట తప్పాడని పెదనాన్నని అన్నాళ్ళు ఎందుకు సాధిస్తుంది? అట్ట మీద ఆ కుక్క లేదు, మా ఊరికి తెలిసిన పాటలోనూ లేదు. ఉన్నదల్లా ఆ గీత పడిన చోట ఒక్కటే.

ఆ సాయంత్రం ఆ రికార్డు వేసిందెవరో నాకు తెలియదు. గోడ మీద ఆవిడ చూసింది ఏమిటో తెలియదు. దయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. పెదనాన్న మాట తప్పాడని మాత్రం ఇక నేను ఎవరినీ అననివ్వను.